చెల్లెలి చేతివాటం

పొద్దున లేవగానే అక్క చేసే మొదటి పని ఫోనులో అలారం ఆపడం. చెల్లెలు ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఆ పని కూడా ఆమెకు దక్కకుండా పోయింది. అక్క దుప్పట్లోంచి చెయ్యి చాపి, తెర మీద వేలు పెట్టి పక్కకు తోస్తుంది. అలారం మోగుతూనే ఉంటుంది. ఇంకోసారి తోస్తుంది. గట్టిగా తోస్తుంది. ఇంతలో పక్క గదిలో చెల్లెలు నిద్రలోనే ఒళ్ళు విరుచుకుని చెయ్యి అటు నుంచి ఇటు పడేస్తుంది. అలారం ఆగిపోతుంది.

"ఆపావా?" అంటాడు మొగుడు, కళ్ళు తెరవకుండా.

"నేను కాదు" అంటుంది అక్క, పళ్ళు నూరుతూ.

"ఎవరాపితే ఏం, ఆగింది కదా" అని ఆయన అటు తిరిగి పడుకుంటాడు.

ఎవరాపితే ఏం లాంటి మాటలు అక్క చిన్నప్పటి నుంచీ వింటూనే ఉంది. అప్పట్లో ఫోన్లు లేవు, పుస్తకాలుండేవి. అక్క కథల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, దొంగ గోడ దూకబోతున్న చోటికి వచ్చి ఊపిరి బిగబట్టి ఉండేది. వరండాలో చెల్లెలు ముక్కు మీద వాలిన ఈగను విసిరికొట్టేది. ఇక్కడ అక్క ఒళ్ళో నాలుగు పేజీలు వాటంతటవే తిరిగిపోయేవి. దొంగ గోడ దూకాడో లేదో తెలియకుండానే జైల్లో కూర్చుని ఉండేవాడు. అక్క ఏడుపు లంకించుకుంటే అమ్మ వంటింట్లోంచే, "దాని హస్తవాసి అలాంటిది, ఏం చేస్తాం. నువ్వు డాబా మీదికెళ్ళి చదువుకో, అక్కడికి అందదు" అనేది. ఒకరికి రింగుల జుట్టు ఉన్నట్టు, ఇంకొకరికి ఎడమచేతి రాత ఉన్నట్టు, చెల్లెలికి ఆ చేతులున్నాయి. అందులో ఎవరికీ వింతేమీ కనిపించలేదు.

"హస్తవాసి కాదు, చేతివాటం" అనేది అక్క. "పక్కవాళ్ళ చేతిలో ఉన్నది లాగేసుకోవడాన్ని చేతివాటమే అంటారు."

తరవాత బటన్ల ఫోన్లు వచ్చాయి. అవి ఎవరు నొక్కితే వాళ్ళ మాటే వినేవి. ఆ సుఖం చూసే అక్క ఫోన్లు బాగుచేసే పని నేర్చుకుందంటే అబద్ధం కాదు. మెల్లగా అద్దం ఫోన్లు వచ్చేసరికి ఆమె చెయ్యి తిరిగిన మెకానిక్కు. పెళ్ళయింది. మొగుడు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసేవాడు. అమ్మ కూడా వాళ్ళతోనే ఉండేది. చెల్లెలు ఎక్కడో దూరాన ట్రాఫిక్ కానిస్టేబులుగా చేరింది. ఇద్దరికీ మధ్య ఒక పూట బస్సు ప్రయాణమంత దూరం. అక్క జీవితంలో అవి మంచి రోజులు. పండగ్గా బతికింది.

అలాంటిది, చెల్లెలికి ఆ ఊరికే బదిలీ అయింది. ఊరికి అయితే అయింది, సరిగ్గా అక్క పనిచేసే సర్వీసు సెంటరు ఎదురుగా ఉన్న నాలుగురోడ్ల కూడలికి అయింది. ఆ కూడలిలో సిగ్నలు దీపాలు ఎప్పుడో చచ్చిపోయాయి. బళ్ళన్నీ కానిస్టేబులు చేతుల మీదే నడవాలి.

చెల్లెలు మొదటిరోజు గొడుగు కింద నిలబడి కుడిచెయ్యి ఎత్తింది. బళ్ళు ఆగాయి. బస్టాపులో నిలబడ్డవాళ్ళ ఫోనుల్లో వీడియోలు కూడా ఆగాయి. ఆమె చెయ్యి దించి రమ్మన్నట్టు ఊపింది. బళ్ళు కదిలాయి, వీడియోలు కదిలాయి. ఒకాయన ఎవరికో ఉత్తరంలా పొడుగ్గా మెసేజు కొడుతున్నాడు, ఆమె ఎడమ పక్కకి దారి చూపించేసరికి అది సగంలోనే వెళ్ళిపోయింది. ఆయన ఫోను జేబులో పెట్టేసుకుని, "డ్యూటీ ఎన్నింటికి దిగుతారమ్మా?" అని అడిగాడు. రెండోరోజుకల్లా అందరికీ అలవాటైంది. అటువైపు బళ్ళు ఆగినంతసేపూ జనం ఫోనులోంచి తలెత్తి ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు, మళ్ళీ ఆమె చెయ్యి కదలగానే తలలు దించుకునేవాళ్ళు.

అలవాటు పడలేనిది అక్క ఒక్కతే.

సర్వీసు సెంటరుకు ముందువైపంతా గాజుగోడ. దాని వెనకే అక్క బల్ల. ఎదుట భూతద్దం, పక్కన పట్టకార్లు, ఉబ్బిన బ్యాటరీలు పడేయడానికి ఇసుక పోసిన డబ్బా. తలెత్తితే కూడలిలో చెల్లెలు. రోజూ ఎవరో ఒకరు వచ్చి ఫోను బల్ల మీద పెట్టేవాళ్ళు.

"స్వైపు పనిచెయ్యట్లేదండీ. పైకి తోస్తే కిందికి పోతోంది. వెనక్కి రమ్మంటే రావట్లేదు."

కారణం ఎవరో అక్కకు తెలుసు. అయినా పని పనే. పంటినొప్పి వస్తే పళ్ళ డాక్టరు కూడా ముందు నాలికతో తడుముకుంటాడు కదా. మెత్తటి గుడ్డతో తెర తుడిచేది. పైన అంటించిన గాజుపొర పీకేది. ఆపి మళ్ళీ వెలిగించేది. సెట్టింగుల్లోకి వెళ్ళి, సైగలు తీసేసి కింద మూడు గుర్తులు వచ్చేలా మార్చేది. కొత్తగా ఎక్కించుకున్న యాప్‌లు ఏమైనా అడ్డుపడుతున్నాయేమో చూసేది. చెమటలు కక్కుతూ ఇంత చేశాక కూడా తెర ఉలకదు, పలకదు. అంతలో బయట చెల్లెలు లారీకి దారిచ్చేది. బల్ల మీద ఫోను చక్కగా పేజీ మార్చేది.

"మీరింతసేపు కిందామీదా పడ్డారు, ఆవిడ అక్కడి నుంచే చేసేసింది చూడండి!" అని సంబరపడుతూ వెళ్ళిపోయేవాళ్ళు.

అక్క పట్టకార్లు బల్ల మీద విసురుగా పడేసేది.

మేనేజరును సెంటరులో అందరూ 'సారీగారు' అనేవాళ్ళు. ఆయన ఏ మాటైనా సారీతోనే మొదలుపెట్టేవాడు. "సారీ, ఏమీ అనుకోకు గానీ, అవన్నీ విప్పడం ఎందుకమ్మా? ఆవిడ డ్యూటీ దిగాక అదే బాగవుతుందని చెప్పి పంపించెయ్. వాళ్ళకీ తెలుసు" అన్నాడు. ఆ రోజు నుంచి అక్క కూడా అలాగే చెప్పి పంపించేయడం మొదలుపెట్టింది. పైకి అది వీలుగానే ఉంది. లోపల మాత్రం, ఇన్నేళ్ళు కళ్ళు పోగొట్టుకుని నేర్చుకున్న పని ఆ ఒక్క మాటతో అరిగిపోతున్నట్టు ఉండేది.

ఇంటికొచ్చినా అదే కథ. చెల్లెలు మంచిది. అదే పెద్ద బాధ. గయ్యాళిదైతే తిట్టుకోవడానికి వీలుండేది. వస్తూ వస్తూ బావకు ఇష్టమని రొట్టె తెచ్చేది, అమ్మకు కాళ్ళు పట్టేది, అక్క ఉతికి ఆరేసిన బట్టలు మడతపెట్టేది. బట్టలు మడతపెడుతున్నంతసేపూ అక్క ఫోనులో ఫోటోలు ఒకటి మీద ఒకటి దొర్లిపోయేవి.

"మా చిన్నది కూడలిలో నిలబడితే చీమైనా దాని చెయ్యి చూసే కదుల్తుంది" అని అమ్మ పక్కింటావిడతో చెప్పేది.

"పెద్దమ్మాయి?" అని అడిగేది పక్కింటావిడ.

"దానికేం, అది ఫోనులు చూసుకుంటుంది."

ఆ 'దానికేం' అన్న మాట అక్కను రోజంతా వదిలేది కాదు. మొగుడు కూడా తక్కువవాడేం కాదు. "మీ చెల్లెలు నడిరోడ్డు మీద నిలబడితే ఎంత హుందాగా ఉంటుందో! ఇవాళ నాలుగు బస్సుల్ని ఒక్క వేలితో ఆపింది" అంటూ లొట్టలేసుకుంటూ చెప్పేవాడు.

"నేను ఈ వేళ్ళతో వెంట్రుక కన్నా సన్నటి తీగ అతికించాను. అది ఎవరూ చూడలేదు."

"అంత సన్నటిది ఎలా కనిపిస్తుందే?" అన్నాడు ఆ అమాయకుడు, కళ్ళజోళ్ళవాడై ఉండి కూడా.

ఇలా ఉండగా పై ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఊరికి ఆ చివర కొత్తగా శిక్షణకేంద్రం పెడుతున్నారు. కొత్త మెకానిక్కులకు పని నేర్పడానికి ఒక టీచరు కావాలి. అక్క పేరు అనుకుంటున్నారు. పై ఆఫీసాయన స్వయంగా వచ్చి, ఆమె పని ఎలా చేస్తుందో ఎదురుగా కూర్చుని చూస్తాడట.

అక్కకు ముందు గుర్తొచ్చింది జీతమూ కాదు, హోదా కాదు. ఊరికి ఆ చివర. కూడలికి కనుచూపు అందని చోటు. తన వేలి కింద తెర తన మాటే వినే చోటు.

"ఆ రోజు సెలవు పెట్టమని చెల్లెలికి చెప్పరాదూ?" అంది అమ్మ.

"దాని దయాదాక్షిణ్యాలు నాకేం అక్కర్లేదు."

"దయ ఏమిటే, సొంత చెల్లెలు."

"సొంతదైతే ఇంతగా లాక్కుంటుందా?"

ఆ సాయంత్రం అక్క ముందుగదిలో కూర్చుని, ఫోనులో కొత్త మోడళ్ళ గురించి చదువుకుంటోంది. పరీక్షలో అవే అడుగుతారని సెంటరులో అనుకున్నారు. చెల్లెలు వంటింట్లో గిన్నెలు తోముతోంది. ఆమె ఒక పళ్ళెం రుద్దినప్పుడల్లా ఇక్కడ పేజీ గుండ్రంగా గిరగిరా తిరిగి ఎక్కడికో పోతోంది. అక్క వెతికి తెచ్చుకుంటుంది, చెల్లెలు గరిట అందుకుంటుంది, పేజీ మాయం. ఉన్నట్టుండి అక్క లేచి వంటింటి గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది.

"నీకు ఆ చేతులు లేకపోతే నేను ఎప్పుడో బాగుపడేదాన్నే!"

చెల్లెలు సబ్బునురుగు చేతులతో అలాగే ఆగిపోయింది.

"పుట్టగానే వాటిని వెనక్కి విరిచి కట్టేసి ఉండాల్సింది. ఒక్క పుస్తకం తిన్నగా చదవనివ్వలేదు. ఒక్క పని తిన్నగా చెయ్యనివ్వట్లేదు. అమ్మ నీది, మా ఆయన నోట్లో నీ మాటే, ఊరు నీది, ఆఖరికి నా చేతిలో ఉన్న ఫోను కూడా నీదే. నాకంటూ ఏముందే?"

అమ్మ మంచం మీంచి లేవబోయి మళ్ళీ కూర్చుండిపోయింది. కుళాయి కారుతోంది. కట్టేద్దామని చెల్లెలు చెయ్యి ఎత్తబోయి, అక్క మొహం చూసి ఎత్తలేదు.

"సరే అక్కా" అంది, అంతే.

ఆ తరవాత ఇద్దరూ మాట్లాడుకోలేదు. చెల్లెలు అన్నం కూడా కంచం మీదికి వంగి, మోచెయ్యి కదలకుండా తింది. అక్కకు కొంచెం సిగ్గేసింది. ఆ సిగ్గు మీద మళ్ళీ కోపం వచ్చింది. తిట్లు తిన్నదీ చెల్లెలే, మంచిదీ చెల్లెలే అయిపోతే ఎలా?

పరీక్షరోజు పొద్దున్న అలారాన్ని అక్కే ఆపింది. వేలు పెట్టి పక్కకు తోయగానే ఆగింది. పక్క గదిలో చెల్లెలి మంచం ఖాళీ. ఆమె అప్పటికే డ్యూటీకి వెళ్ళిపోయింది.

సెంటరులో సారీగారు టై కట్టుకుని ఉన్నాడు. పై ఆఫీసాయన నెరిసిన మీసాలవాడు, మెత్తటి మనిషి. అక్క బల్లకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని, చొక్కా జేబులోంచి తన ఫోనే తీసి ముందు పెట్టాడు.

"పుస్తకాల్లో ప్రశ్నలు అడగనమ్మా. నా ఫోను చూడు. కింద నుంచి పైకి తోస్తే కదలట్లేదు. ఒక్కోసారి కదులుతుంది, ఒక్కోసారి మొండికేస్తుంది. ఈ ఊరొచ్చాక ఇంకా ఎక్కువైంది. ఎందుకంటావు?"

"సారీ, మధ్యలో మాట్లాడుతున్నాననుకోకండి" అన్నాడు సారీగారు. "బయట కూడలిలో ఈవిడ చెల్లెలే డ్యూటీలో ఉంది. ఆవిడ చేతులు అలాంటివి. సాయంత్రం అదే బాగవుతుంది."

"ఓహో, అలాగా" అన్నాడాయన తల ఊపుతూ. "మా మేనమామ కూడా అంతే. ఆయన తుమ్మితే రేడియో స్టేషను మారేది. అయితే అంతేనంటావా అమ్మా?"

అంతేనండీ అన్న మాట అక్క నాలిక చివరి దాకా వచ్చింది. రోజూ అనే మాట, అలవాటైన మాట. కానీ నిజంగా అంతే అయితే ఈ పరీక్ష నిలవదు. ఇంకో రోజు వస్తానంటాడు, చెల్లెలు సెలవు పెడుతుంది, ఆ గెలుపులో కూడా చెల్లెలికి వాటా ఉంటుంది. ఇదీ పోయినట్టే అనుకుంటూ, ఒంటి నిండా మంటతో, గాజుగోడలోంచి కూడలి వైపు చూసింది.

చెల్లెలు గొడుగు కింద నిలబడి ఉంది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని ఉంది. అక్క కళ్ళు చికిలించింది. పెట్టుకుని లేవు, కట్టేసి ఉన్నాయి. ఈలకు కట్టే తాడుతో మణికట్లు రెండూ కలిపి కట్టేసి ఉన్నాయి. పళ్ళ మధ్య ఈల. ఆమె బుగ్గలుబ్బించి ఈల ఊదుతూ, తలతో ఒక బస్సును ఆపమంటోంది, గడ్డంతో ఒక ఆటోను పొమ్మంటోంది. ఎవరికీ అర్థం కావట్లేదు. నాలుగు వైపులా బళ్ళు కూడలిలోకి చొరబడి ఒకదానికొకటి అడ్డం పడ్డాయి. హారన్లు మోగుతున్నాయి. ఒక లారీవాడు కిటికీలోంచి బయటికి వంగి ఏదో అరుస్తున్నాడు. చెల్లెలు చెమటతో తడిసిపోయి, తల మాత్రం గట్టిగా ఊపుతోంది. బస్టాపులో అందరూ ఫోనులు హాయిగా చూసుకుంటున్నారు.

అక్క చూపు అక్కడి నుంచి తిప్పుకోలేకపోయింది. తిప్పుకున్నాక, ఆమె బుర్రలో మిగిలింది ఒక్కటే. ఆ చేతులు కదలట్లేదు. కదలకపోతే ఈ తెర మొరాయించడానికి కారణం అవి కావు.

"కాదండీ" అంది. "మా చెల్లెలు కాదు. ఫోనులోనే ఏదో ఉంది."

తుడిచింది. గాజుపొర తీసింది. తెరను పరీక్షించే పేజీ తెరిచి, వేలితో పై నుంచి కిందికి గీతలు గీసింది. వేలు వెళ్ళిన దారంతా పచ్చగా రంగు పరుచుకుంటూ వచ్చింది, కింది భాగానికి వచ్చేసరికి తెగిపోయింది. మళ్ళీ గీసింది. మళ్ళీ అక్కడే తెగింది. ఆపి వెలిగించి చూసింది, అంతే. అప్పుడు ఫోనుకు తొడిగిన మందపాటి కవరు ఊడదీసి, ఫోనును బల్ల మీద వెల్లకిలా పెట్టి ఒక మూల వేలితో నొక్కింది. అవతలి మూల లేచింది. వదిలితే ఉయ్యాలలా ఊగింది.

"వీపు ఉబ్బింది" అంది మెల్లగా. ఫోను ఆపేసి, వేడిగాలితో అంచులు మెత్తబరిచి, పలకల మధ్య సన్నటి రేకు దూర్చి విప్పింది. లోపల బ్యాటరీ పొంగిన దిండులా ఉంది. వెనక నుంచి తెరను పైకి తోస్తోంది. "ఇది తోస్తున్న చోట తెరకు మీ వేలు తెలియట్లేదు. ఈ కవరు బిగువుగా ఉండబట్టి పైకి కనిపించలేదు. ఇంకొన్నాళ్ళుంటే చీలేది. చీలితే మంటలే." జాగ్రత్తగా తీసి ఇసుకడబ్బాలో పెట్టి, పైన ఇసుక కప్పింది.

ఆయన కుర్చీ ఆ డబ్బాకు కాస్త దూరంగా జరుపుకున్నాడు.

"మా మనవరాలు" అన్నాడు, "పాటలు వింటూ దీన్ని చెంప కింద పెట్టుకుని పడుకుంటుంది. పిల్ల నిద్రపోయిందని మేమూ తియ్యం."

సారీగారు సారీ అనబోయి ఊరుకున్నాడు.

"ఆ చేతుల మీదికి నెట్టేసి ఊరుకుంటే నేనూ సరేనని వెళ్ళిపోయేవాణ్ణమ్మా" అన్నాడాయన. "కాదని ఎలా తెలిసింది నీకు?"

అక్క ఇంకోసారి కూడలి వైపు చూసింది. సన్న పట్టకారు చేతిలో ఉండగానే లేచి, తలుపు తోసుకుని, రోడ్డు మీదికి నడిచింది. అడ్డం పడ్డ బళ్ళ మధ్య నుంచి, బంపర్లు దాటుకుంటూ, లారీవాడి తిట్లు తనూ కాసిని తింటూ గొడుగు దగ్గరికి చేరింది. చెల్లెలి వెనక నిలబడి ముడి చూసింది. అది ఊడేలా లేదు.

"ఎవరు కట్టారే ఇది?"

చెల్లెలు ఈల వదిలేసింది. "బస్టాపులో ఒక పెద్దాయన. పడవలు నడిపేవాడట. సెలవు అడిగాను అక్కా, ఇవ్వలేదు. ఊరికే చేతులు కట్టుకుని నిలబడితే ఆగవు ఇవి, బండి కనపడగానే వాటంతటవే లేస్తాయి. అందుకని." మెడ వెనక్కి తిప్పి, "పరీక్ష అయిపోయిందా?" అంది.

"అయిపోయింది."

"ఫోను మాట విందా?"

"వినలేదు. బ్యాటరీ ఉబ్బింది."

"అయితే నా వల్ల కాదన్నమాట."

"ఈసారి కాదు" అంది అక్క.

పట్టకారు మొనతో ముడిలో ఒక్కొక్క పోగే లాగుతూ విప్పింది. తాడు ఒరుసుకుని మణికట్లు కమిలిపోయి ఉన్నాయి. అక్క వాటిని గట్టిగా రుద్దింది, మళ్ళీ రక్తం ఆడేదాకా. చెల్లెలు చేతులు పైకెత్తింది. లారీ ఆగింది, బస్సు కదిలింది, కూడలి నెమ్మదిగా విచ్చుకుంది. గాజుగోడ వెనక సెంటరులో ఉన్న ఫోనులన్నీ ఒక్కసారే పేజీ తిప్పాయి.

అప్పటికే ఆలస్యమైంది. పోలీసు జీపు వచ్చి ఆగింది. ఇన్‌స్పెక్టరు దిగి, తాడు చూసి, అక్క చేతిలో పట్టకారు చూసి, ఏమీ అర్థంగాక చెల్లెలి మీద విరుచుకుపడ్డాడు.

"చేతులుండి కూడా వాడవన్నమాట! అయితే చేతులెత్తే పనిలేని చోటే కూర్చో. రేపటి నుంచి కంట్రోలు రూముకి పో."

కంట్రోలు రూమంటే పోలీసుల్లో శిక్ష కింద లెక్క. ఊళ్ళో పనిచేసే సిగ్నళ్ళూ, స్తంభాల మీది కెమెరాలూ అన్నిటినీ అక్కడ గోడంతా పరుచుకున్న తెరల మీద చూసుకుంటూ, వేలితో తోసి దీపాలు మారుస్తూ ఉండాలి. ఆ తెరలు పరమ మొండివి. వాటిని పొడిచి పొడిచి వేళ్ళు నొప్పెట్టి అందరూ తప్పించుకునేవాళ్ళు.

చెల్లెలు వెళ్ళి కుర్చీలో కూర్చుని చెయ్యి ఎత్తింది. గోడ మీది తెరలన్నీ ఒక్కసారిగా ఆమె వైపు తిరిగిన కుక్కపిల్లల్లా తలొగ్గాయి. అవి ఏ రోడ్డు చూపిస్తే ఆ రోడ్డు ఆమె వేలి కింద ఉంది. వారం తిరక్కుండా ఊళ్ళో బళ్ళు నీళ్ళలా పారడం మొదలైంది. ఇన్‌స్పెక్టరు తనే ఆమెను అక్కడికి పంపానని అందరికీ చెప్పుకున్నాడు.

అక్కకు కూడా ఉద్యోగం ఖాయమైంది. ఆ కబురు వచ్చిన సాయంత్రమే, ఊరి పెద్దలు కంట్రోలు రూముకి వచ్చి చెల్లెలి పని చూసి వెళ్ళిన కబురూ వచ్చింది. అమ్మ పక్కింటావిడకు రెండూ చెప్పింది. ముందు ఏది చెప్పిందో వేరే చెప్పక్కర్లేదు. అక్క గోడ ఇవతల నుంచి వింది. చేతులు కట్టేసుకున్నా దానికే, విప్పుకున్నా దానికే, శిక్ష వేసినా పేరు దానికే! వారం రోజులుగా ఆ కమిలిన మణికట్లు గుర్తొచ్చినప్పుడల్లా కరిగిన మనసు, మళ్ళీ చిటికెలో గట్టిపడింది. కరిగిందీ నిజమే, గట్టిపడిందీ నిజమే. ఆ రెండింటితోనే అక్క కొత్త ఉద్యోగానికి బయల్దేరింది.

బస్సు ఆ చివరికి వెళ్ళేసరికి మామూలుగా పొద్దెక్కిపోతుంది. దారి పొడవునా సిగ్నళ్ళే. కిటికీ పక్కన కూర్చుని, మొదటి రోజే ఆలస్యంగా వెళ్తే ఏం చెప్పాలో కూడబలుక్కుంటూ ఉంది అక్క. మొదటి సిగ్నలు దగ్గరికి వస్తూండగానే పచ్చగా మారింది. రెండోదీ అంతే. ఆ తరవాతిది బస్సు ఇంకా మలుపు తిరగకముందే పచ్చగా ఎదురుచూస్తోంది.

"ఏమిటో ఇవాళ!" అన్నాడు డ్రైవరు. "రోజూ నేను ఇక్కడ ఆగినప్పుడే టీ తాగుతాను. ఇవాళ టీ కూడా లేదు."

అక్క పైకి చూసింది. స్తంభం మీద కెమెరా మెడ తిప్పి బస్సు వెంటే చూస్తోంది. దాటాక ఇంకో స్తంభం, దాని మీది కెమెరా కూడా మెడ తిప్పింది. పచ్చ వెనక పచ్చ, పచ్చ వెనక పచ్చ. బస్సులో వాళ్ళంతా ముచ్చటపడుతున్నారు. అక్క మాత్రం ప్రతి మలుపులోనూ ఎర్రదీపం కోసం వెతుకుతోంది. ఒక్క ఎర్రదీపమైనా దొరక్కూడదూ, తిట్టుకోవడానికి! తిట్టుకునే వీలైనా లేకుండా చేస్తే మనిషి ఎలా బతకాలి?

మార్కెట్టు దగ్గర దీపం అప్పటికే చాలాసేపటి నుంచి పచ్చగా ఉన్నట్టుంది. రోడ్డు దాటడానికి జనం గుంపుగా ఆగి ఉన్నారు. ఒక ముసలాయన చేతికర్ర రోడ్డు మీదికి దింపి, బళ్ళు చూసి వెనక్కి తీసుకుంటున్నాడు. ఒకావిడ చంకలో బిడ్డ, చేతిలో సంచీ. వాళ్ళవైపు దీపం ఎర్రగానే ఉంది. ఈ పచ్చంతా తన కోసమే అక్కడ ఆగి ఉంది.

అక్క కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టింది. పైన కెమెరాకు కనపడేలా అరచెయ్యి నిటారుగా ఎత్తి పట్టుకుంది, ఆగు అన్నట్టు.

దీపం ఎర్రబడింది. బస్సు ఆగింది. ముసలాయన కర్ర తాటించుకుంటూ, నెమ్మదిగా, తన ఇష్టమొచ్చినంతసేపు తీసుకుంటూ దాటాడు. వెనకే బిడ్డనెత్తుకున్నావిడ దాటింది. అక్క చెయ్యి దించలేదు. ఎత్తిన చెయ్యి అలాగే ఉంచి, పెదాలు కదుపుతూ, చెల్లెల్ని తనివితీరా తిట్టుకుంది. పుస్తకాల దగ్గర మొదలుపెట్టి, అమ్మ దగ్గరా మొగుడి దగ్గరా ఆగి, తాడు దాకా వచ్చింది. తాడు దగ్గర మాట రాలేదు.

దాటాల్సినవాళ్ళందరూ దాటారు. దీపం ఇంకా ఎర్రగానే ఉంది. అక్క చెయ్యి దించేదాకా అది మారలేదు.